లోతునీటి స్మాల్‌మౌత్‌ను వదిలేస్తే బతుకుతుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా ఉత్తర సరిహద్దులోని పెద్ద సరస్సుల మీద మన కుర్రవాళ్లు సాగిస్తున్న చేపల వేట గురించి మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పద్నాలుగేళ్లుగా డెట్రాయిట్ శివారులో ఉంటూ, వీలున్న ప్రతి శనివారం ఈరీ సరస్సు మీదనో సెయింట్ క్లెయిర్ సరస్సు మీదనో గాలం వేస్తూ గడిపేవాణ్ణి కనుక, మన భాషలో ఈ విషయం మీద ఒక వ్యాసం వచ్చిందంటేనే నాకు ఎంతో సంతోషం కలిగింది. అయితే అందులోని ఒక మాటను సవరించకుండా ఊరుకోవడం నాకు సరి అనిపించలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి పట్టిన స్మాల్‌మౌత్ బాస్ చేపను ఫొటో తీసుకుని వదిలేస్తే దానికి ఏ హానీ జరగదని ఆ వ్యాసకర్త రాశారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం వల్ల ఈ చలికాలం ఎన్ని మంచి చేపలు నీటిమీద తేలి చస్తాయోనన్న ఆవేదనతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజమైన సగాన్ని ముందు ఒప్పుకుంటాను. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది, చేప ఒంట్లో జీవక్రియ నెమ్మదిస్తుంది. అందువల్ల ఆగస్టు ఎండలో పెనుగులాడి అలసిపోయిన చేప కంటే అక్టోబరులో పట్టిన చేప త్వరగా తేరుకుంటుంది. ఇది పది, పదిహేను అడుగుల నీటిలో పట్టిన చేప విషయంలో పూర్తిగా సరైన మాట. అయితే ఈ కాలంలో అందరూ వెతుక్కుంటూ వెళ్లే పెద్ద చేపలు పదిహేను అడుగుల నీటిలో దొరికేవి తక్కువ.

వేసవిలో స్మాల్‌మౌత్ చెల్లాచెదురుగా తిరుగుతుంది. ఒడ్డు దగ్గరి రాతి తిప్పల మీద, గులకరాళ్ల నేలల మీద, రొయ్యను పోలిన క్రేఫిష్‌లను, చిన్న చేపలను తింటూ ఒక్కొక్కటిగా గానీ చిన్న గుంపులుగా గానీ కనిపిస్తుంది. శరదృతువు ముదిరేకొద్దీ సరస్సు పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. వేసవి అంతా వేర్వేరు పొరలుగా నిలిచి ఉన్న నీరంతా అప్పుడు కలిసిపోతుంది. ఆ తరువాత పైనా కిందా ఒకటే చల్లదనం, ఒకటే ప్రాణవాయువు కనుక లోతుకు దిగడానికి చేపకు అడ్డేమీ ఉండదు. నీటి ఉష్ణోగ్రత పది డిగ్రీల సెల్సియస్ దిగువకు జారే సమయానికి, మైళ్ల కొద్దీ ఒడ్డు పొడవునా పరుచుకుని ఉన్న చేపలు ఏ నలభై అడుగుల లోతులోనో ఉన్న ఒక బండరాళ్ల దిబ్బ వాలు మీదకు చేరి గుంపు కడతాయి. నాలుగైదు డిగ్రీల చలిలో ఇవి దాదాపు కదలడం మానేస్తాయి. ఆ మాంద్యం రాకముందే ఒంట్లో కొవ్వు నింపుకోవాలని తెగ తింటాయి. వేటగాడికి ఈ కాలం ఇంత ప్రియమైనది కావడానికి కారణం ఇదే. చేప ఏడాది మొత్తంలో ఇప్పుడే బరువుగా, ఆకలిగా, ఒకే చోట గుంపుగా ఉంటుంది.

ఈరీ సరస్సులో దీనికి తోడు గోబీ అనే చిన్న చేప కథ ఒకటి ఉంది. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రాల ప్రాంతానికి చెందిన ఈ చేప, ఓడల్లో బరువు కోసం నింపుకునే నీటితో పాటు వచ్చి 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో బయటపడింది. అంతకు రెండేళ్ల ముందే, 1988లో, జీబ్రా ఆల్చిప్పలు కూడా అదే దారిన వచ్చి సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించాయి. పిలవని ఈ అతిథులు సరస్సులకు చేసిన కీడు చాలా పెద్దది. అయినా ఆల్చిప్పలను తినే గోబీలను తిని స్మాల్‌మౌత్ మాత్రం బాగా బలిసింది. 2022 నవంబరు 3న ఈరీ సరస్సులో కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రం వైపు నీళ్లలో పడిన స్మాల్‌మౌత్ 10.15 పౌండ్లు, అంటే సుమారు 4.6 కిలోలు తూగి, 1954 నుంచి నిలిచి ఉన్న ఒంటారియో రికార్డును దాటింది. ఆ వార్త వచ్చిన తరువాత నవంబరు వేట మీద మోజు ఎంత పెరిగిందో ఇక్కడి రేవుల్లో ఆగిన పడవల ట్రైలర్ల వరుసలే చెబుతాయి. చలి మొదలవగానే గోబీలు లోతుకు జరుగుతాయి, వాటి వెంట స్మాల్‌మౌత్ దిగుతుంది. గోబీకి గాలితిత్తి, అంటే చేపను నీటిలో తేలేలా నిలిపే లోపలి గాలిసంచి, లేదు కనుక ఎంత లోతుకు దిగినా, ఎంత పైకి వచ్చినా దానికి నష్టం లేదు. స్మాల్‌మౌత్‌కు గాలితిత్తి ఉంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన ఊళ్ల అనుభవం ఇక్కడ మనకు అక్కరకు రాదు. నేను కొల్లేటి అంచు గ్రామంలో పుట్టినవాణ్ణి. కొల్లేరు చాలాచోట్ల మనిషి నిలువు లోతు కూడా ఉండదు. మనం చిన్నప్పుడు బెండు కట్టి, వానపాము గుచ్చి పట్టిన చేపలన్నీ చెరువుల్లోవి, కాలువల్లోవి. కొర్రమీను గాలి పీల్చి బతకగలదు కనుక బిందెలో పోసి ఊరు దాటించినా చావదు. బొచ్చె, శీలావతి వంటి చేపలకు గాలితిత్తి నుంచి గొంతులోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది, తిత్తిలో గాలి ఎక్కువైతే నోటిగుండా వదిలేస్తాయి. ఇవి చూసి పెరిగిన మనకు చేప అంటే గట్టి ప్రాణమనీ, గాలం తీసి నీళ్లలో వేస్తే దాని దారిన అది పోతుందనీ ఒక నమ్మకం ఏర్పడింది. స్మాల్‌మౌత్‌కు ఆ గొట్టం లేదు. దాని గాలితిత్తి అన్నివైపులా మూసుకున్న సంచి. అందులోని వాయువు రక్తనాళాల అల్లిక ద్వారా రక్తంలోకి మెల్లమెల్లగా చేరవలసిందే తప్ప వేరే దారి లేదు, దానికి గంటల కొద్దీ సమయం పడుతుంది.

మంచినీటిలో ప్రతి 34 అడుగుల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. 34 అడుగుల లోతులో ఉన్న చేపను అరనిమిషంలో పైకి లాగితే దాని మీది పీడనం సగానికి పడిపోయి, తిత్తిలోని వాయువు రెండింతలు కావడానికి చూస్తుంది. కడుపులో అంత చోటు ఎక్కడుంది? పొట్ట ఉబ్బుతుంది, కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, జీర్ణాశయం తిరగబడి నోట్లోకి వస్తుంది. బయటికి ఏ గుర్తూ కనబడకుండా లోపల నాళాలు చిట్లిన చేపలూ ఉంటాయి. నీళ్లలో వదిలితే అది ఒకటి రెండుసార్లు తోక కొట్టి కిందికి పోయినట్టే కనిపిస్తుంది. మనం పడవ తిప్పుకుని వెళ్లిపోయిన తరువాత మళ్లీ పైకి తేలుతుంది. నీరు చల్లగా ఉన్నంత మాత్రాన ఈ లెక్క మారదు. చలి చేపను అలసట నుంచి కాపాడుతుంది, పీడనం నుంచి కాపాడలేదు.

నేను ఇదంతా చదివి నేర్చుకున్నది తరువాత. ముందు కళ్లతో చూశాను. కొన్నేళ్ల కిందట నవంబరు రెండో వారంలో ముగ్గురు మిత్రులతో కలిసి ఈరీ సరస్సు తూర్పు భాగానికి వెళ్లాను. సరస్సుకు పడమటి వైపు లోతు తక్కువ, తూర్పు వైపు 200 అడుగులు దాటిన లోతు కూడా ఉంది. నీటి అడుగును, చేపలను చూపే సోనార్ పరికరం తెర మీద 45 అడుగుల దగ్గర ఒక దిబ్బ, దాని వాలు మీద బియ్యపు గింజలు పోసినట్టు చేపలు కనిపించాయి. బరువైన లోహపు ఎరను తిన్నగా కిందికి దింపి, అడుగు ఎత్తున ఆడిస్తే చాలు, చేప పడుతోంది. తంగూసు రాడ్ వలయాల్లో గడ్డకట్టి, వేళ్లతో మంచు రాల్చుకుంటూ వేయవలసి వచ్చినా మాకు చలి తెలియలేదు. రెండున్నర గంటల్లో ముప్పైకి పైగా పట్టాము, ఒక్కటి కూడా ఉంచుకోలేదు. అన్నిటినీ వదిలేశామన్న తృప్తితో భోజనం తెరిచాము. అప్పుడు గాలివాటున పావు మైలు దూరంలో సముద్రపు కాకుల గుంపు వాలుతూ లేస్తూ కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే అవి మేము వదిలిన చేపలే. కొన్ని పొట్ట పైకి పెట్టి, మొప్పలు ఆడిస్తూ, కిందికి దిగాలని తోక కొడుతున్నాయి. వాటిలో ఒకదాని కళ్లను పక్షులు అప్పటికే పొడిచేశాయి. దాని పక్కనే తేలుతున్న ఇరవై అంగుళాల ఆడచేపను గంట కిందట ఎత్తి పట్టుకుని నేను ఫొటో దిగాను. పన్నెండు చేపల వరకు లెక్కపెట్టాము, ఆ తరువాత లెక్కపెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఉత్తరాది చల్లని సరస్సుల్లో ఇరవై అంగుళాల స్మాల్‌మౌత్‌కు పదేళ్లు దాటి ఉండడం సాధారణం. చల్లని నీళ్లలో ఎదుగుదల అంత నెమ్మది. పైగా వసంతంలో పెట్టవలసిన గుడ్లు ఆడచేప కడుపులో శరత్కాలంలోనే ఎదగడం మొదలవుతాయి. మే, జూన్ నెలల్లో నీళ్లు పదిహేను డిగ్రీలు దాటాక మగచేప గులకరాళ్లలో గూడు ఊడ్చి, గుడ్లను, వాటి నుంచి వచ్చిన పిల్లలను కంటికి రెప్పలా కాపాడుతుంది. మన కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరగడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. నవంబరులో ఒక దిబ్బ మీద గుమిగూడిన చేపలంటే, చుట్టుపక్కల ఎంతో దూరం ఒడ్డున వచ్చే వసంతంలో గూళ్లు కట్టవలసిన చేపలన్నీ అక్కడే ఉన్నాయన్నమాట. ఆ ఒక్క దిబ్బ ఎక్కడుందో వాట్సాప్ గుంపులో పెడితే, రెండు శనివారాల్లో ఇరవై పడవలు అక్కడికే చేరతాయి. వేసవిలో అదే పొరపాటుకు ఇంత నష్టం ఉండదు.

మిన్నెసోటా రాష్ట్రంలో ఈ బలహీనతను గుర్తించే, సెప్టెంబరు నడిమి నుంచి సీజను ముగిసేవరకు పట్టిన స్మాల్‌మౌత్‌ను ఉంచుకోకుండా వదిలేయాలన్న నియమం పెట్టారు. మిషిగన్‌లో డిసెంబరు 31 వరకు రోజుకు ఐదు బాస్ చేపలు, పద్నాలుగు అంగుళాలకు తగ్గనివి, ఉంచుకోవచ్చు. ఆ తరువాత కూడా పట్టి వెంటనే వదిలేయడానికి అనుమతి ఉంది. చట్టం ఒప్పుకుంటున్నప్పుడు మీకేమిటి అభ్యంతరం అని మిత్రులు అడిగారు. వదిలేయమని చెప్పే ఏ నియమమైనా వదిలిన చేప బతుకుతుందన్న నమ్మకం మీదే నిలబడుతుంది. ఎంత లోతు నుంచి లాగావని ఆ నియమం అడగదు, పడవలో ఉన్న మనమే అడగాలి.

కొందరు ఈ మాట విని, అయితే చేపను వదలడం కంటే తెచ్చుకుని తినడమే మేలు కదా అంటారు. లోతు నుంచి వచ్చి ఉబ్బిపోయిన చేప విషయంలో వారి మాటే న్యాయమని నేను నమ్ముతాను. చట్టం ఒప్పుకునే చోట, ఒప్పుకునే కాలంలో, ఒప్పుకునే కొలతలో అలాంటి చేప రెండు పడితే, వాటిని ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకుని, అంతటితో గాలం చుట్టేయడం మంచిది. అయితే ఈ సరస్సుల్లోని పెద్ద చేపల్లో పాదరసం, మరికొన్ని రసాయనాలు చేరి ఉంటాయి. ఏ సరస్సులో ఏ చేపను నెలకు ఎన్నిసార్లు తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ వారు ప్రకటిస్తారు. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇళ్లలో దానిని తప్పకుండా చూడాలి.

తినడానికి కాక ఆనందం కోసమే వెళ్లేవారికి, నేను ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి చెబుతాను. సోనార్ మీద 30 అడుగుల కంటే లోతున కనిపించిన గుంపును చూసి ముందుకు సాగిపోతాను. 25 అడుగుల లోపు దొరికిన వాటితో సరిపెట్టుకుంటాను. అక్టోబరులో సెయింట్ క్లెయిర్ సరస్సుకు వెళ్తే ఈ బెంగ అసలే ఉండదు, ఎందుకంటే ఓడల కాలువ తప్పితే ఆ సరస్సు సగటు లోతు 11 అడుగులే. ఎండ కాసిన మధ్యాహ్నం స్మాల్‌మౌత్ లోతు నుంచి తిప్పల మీదకు ఎక్కి మేస్తుంది కాబట్టి, తెల్లవారుజామునే వెళ్లి లోతులో వెతకడం కంటే పదకొండు గంటలకు బయలుదేరి పన్నెండు అడుగుల్లో వెతకడం మేలు. గాలం తీసేటప్పుడు చేతులు తడుపుకోవాలి. గాలి సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న రోజున చేపను నీటి బయట ఉంచితే దాని మొప్పలు, కళ్లు గడ్డకడతాయి కనుక ఫొటో మానుకోవడమే ఉత్తమం. తప్పదనుకుంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే చేపను వలలోంచి ఎత్తాలి.

పొరపాటున లోతు నుంచి చేప వచ్చి, ఉబ్బి తేలితే, దాన్ని తిరిగి కిందికి దింపే పరికరం ఒకటి దొరుకుతుంది. చేప కింది దవడను పట్టుకుని, బరువుతో లోతుకు తీసుకువెళ్లి, అక్కడి పీడనానికి తనంతట తానే విడిచిపెట్టే కొక్కెం అది. ఒక మంచి రీలు ఖరీదులో కొంత భాగం పెడితే వస్తుంది. సూదితో పొడిచి గాలి తీసే పద్ధతి కూడా వాడుకలో ఉంది గానీ, సరైన చోటు తెలియనివాడు పొడిస్తే మూత్రపిండానికో పేగుకో గుచ్చుకుంటుంది. వీడియోలో చూసి దానికి పూనుకోవద్దని నా మనవి. ఆ సూదిని వాడవలసిన లోతుకు గాలం దింపకుండా ఉండడమే నాకు నచ్చిన మార్గం.

మీ వ్యాసంతో పాటు అచ్చయిన ఫొటోలో నలుగురు విద్యార్థులు పడవలో నిలబడి ఉన్నారు. ఎవరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. చేప గురించి ఇంత రాసి ఆ పిల్లల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పది డిగ్రీల నీటిలో పడిన మనిషికి తొలి నిమిషంలో ఊపిరి తన అదుపులో ఉండదు, ఆ ఎగశ్వాసలో నీళ్లు మింగితే ఈత వచ్చినవాడైనా మునిగిపోతాడు. ఆ నిమిషం దాటితే సుమారు పది నిమిషాల పాటు చేతులూ కాళ్లూ పనిచేస్తాయి, స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చల్లని నీటిలో తానే దిగి పరిశోధించి, ఒకటి, పది, ఒకటి అన్న ఈ లెక్కను అందరికీ గుర్తుండేలా చెప్పారు. లైఫ్ జాకెట్ తొడుక్కున్నవాడికే ఆ గంట దక్కుతుంది. పడవ పెట్టెలో మడిచిపెట్టిన జాకెట్‌ను నీళ్లలో పడ్డాక ఎవరూ తొడుక్కోలేరు. ఈ సరస్సులు మన చెరువుల వంటివి కావు. ఈరీ ఒక్కటే 25,700 చదరపు కిలోమీటర్లు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మన కొల్లేరు అభయారణ్యం వంటివి ఎనభైకి పైగా అందులో పడతాయి. అంత నీటి మీద నవంబరు గాలి లేస్తే గంటలో అలలు తలెత్తుకు వస్తాయి. 1975 నవంబరు 10న సుపీరియర్ సరస్సులో 729 అడుగుల సరుకు నౌక ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ 29 మంది సిబ్బందితో సహా మునిగిపోయింది. అద్దెకు తెచ్చుకున్న పదహారు అడుగుల పడవ ఎంతటిదో ఆ పిల్లలకు ఎవరైనా పెద్దవాళ్లు చెప్పాలి.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట ఆగిపోతుంది. రోజూ వేటకు వెళ్తే గాని పొయ్యి వెలగని కుటుంబాలు చేపల పునరుత్పత్తి కోసం ఆ రెండు నెలలు భరిస్తున్నాయి. జీతాలు తెచ్చుకుని శనివారం సరదాకు వెళ్లే మాబోటివాళ్లను నేను అడుగుతున్నది అందులో వందో వంతు కూడా కాదు. వేట మానమని నేను చెప్పడం లేదు. నవంబరు ఉదయం పొగమంచు లేస్తున్న సరస్సు మీద, రాడ్ ఒక్కసారిగా వంగినప్పుడు కలిగే సంతోషం నాకు తెలుసు, దానిని ఎవరికీ కాదనాలని లేదు.

సంపాదకులు గారూ, నాది రెండు విన్నపాలు. పట్టి వదిలిన చేపకు హాని లేదన్న వాక్యానికి, 30 అడుగుల కంటే లోతు నుంచి తీసిన చేపకు అది వర్తించదని ఒక చిన్న సవరణ అదే పేజీలో వేయించండి. ఇక మీదట ఇటువంటి ఫొటోలు వచ్చినప్పుడు, లైఫ్ జాకెట్లు తొడుక్కున్నవారి ఫొటోలనే ఎంచి వేయండి. ఇక్కడ నీళ్లు ఇప్పుడు పన్నెండు డిగ్రీల దగ్గర ఉన్నాయి, మరో మూడు వారాల్లో చేపలన్నీ దిబ్బలకు దిగిపోతాయి. ఆ లోపే సవరణ వస్తే, ఈ ఏడాది పడవ దింపబోయే వారిలో కొందరైనా చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
డెట్రాయిట్ శివారు, మిషిగన్.